తలుపు కింద తుమ్మచెక్క

నేను ఒక తుమ్మచెక్క ముక్కను. జానెడు పొడవు, ఒక కొన మందం, ఒక కొన పలచన. తలుపు కింద నన్ను దోపితే గాలివానకు కూడా అది మూసుకోదు. నా పనితనం మీద నాకు మహా గర్వం ఉండేది. ఆ గర్వం ఎలా అణిగిందో చెబుతాను, వినండి.

అనకాపల్లి వడ్రంగి వీరాచారి నన్నూ నా తోబుట్టువులనూ ఒకే దూలం నుంచి కోశాడు. కోస్తూ, "తలుపు ముయ్యడానికి గడియ సేయించుకున్నోళ్లని సూసేను గానీ, ముయ్యకుండా ఉండడానికి సెక్క సేయించుకున్నోళ్లని ఇప్పుడే సూస్తన్నాను" అని నవ్వాడు. చేయించింది పట్నం నుంచి వచ్చిన ట్రైనింగు మేడమ్. ఇనుము కరిగించి పోతపోసే ఒక కార్ఖానాలో మేనేజర్లకు ఆవిడ పాఠం చెప్పాలి. పనిచేసేవాళ్ల మనసు బాగోలేకపోతే ఎలా కనిపెట్టాలి, ఎలా ఆదుకోవాలి అని. పాఠం బాగానే చెప్పింది. చివర్లో మేనేజరుకొక చెక్క చొప్పున మమ్మల్ని పంచుతూ, "తలుపు తీసి పిలవండి. మనిషి లోపలికొచ్చాక మాత్రం మూసి వినండి" అంది. మొదటి మాటకు చప్పట్లు కొట్టారు. రెండో మాట దగ్గరకు వచ్చేసరికి వెనక బిర్యానీ గిన్నెల మూతలు తీశారు. ఇంకేముంది! ఆ వాసన ముందు ఏ మాట నిలుస్తుంది? ఆ రెండో మాట నేను తప్ప ఎవరూ వినలేదు.

నన్ను అందుకున్న దామోదరం గారు మొదటి షిఫ్టు మేనేజరు. చెడ్డవాడు కాదు, పాపం. మర్నాడే నన్ను తన గది తలుపు కింద పెట్టి, కాలితో తన్ని బిగించి, "ఇక ఈ తలుపు మూసేది లేదు. ఎవరికి ఏ బాధున్నా రండి" అని అందరికీ చెప్పారు. ఆ గుమ్మానికి ఎదురుగానే హాజరు వేసే వేలిముద్ర మిషను, దాని పక్కన టీ క్యాను. పొద్దస్తమానం అక్కడ పదిమంది మూగి ఉంటారు. బాధ చెప్పుకోమని సంత మధ్యలో కుర్చీ వేసినట్టయింది.

ఎర్రునాయుడు అక్కడ క్రేను నడుపుతాడు. కరిగిన ఇనుము నిండిన గంగాళాన్ని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు, పైన పట్టాల మీద మోసుకెళ్లే క్రేను అది. దానికొక కట్టుబాటు ఉంది. ముందు గంట కొట్టాలి, కింద మనుషులు తప్పుకోవాలి, ఆ తర్వాతే చక్రాలు కదలాలి. నేలమీద పడి ఉండేదాన్ని కనుక చక్రాల అదురు నాకు బాగా తెలుస్తుంది. మొదట్లో గంట, తర్వాత అదురు. నాయుడి తమ్ముడు చనిపోయినప్పటి నుంచి ఆ వరస చెడింది. ముందు అదురు, తర్వాత గంట. ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం భయం పట్టుకుంది.

ఒకరోజు నాయుడు గుమ్మం దాకా వచ్చాడు.

"రా నాయుడూ, ఏమిటి సంగతి?" అన్నారు దామోదరం గారు ఆప్యాయంగానే.

అతను వెనక్కి చూశాడు. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. "ఏటీ నేదండి బాబూ. గ్లౌజులు సిరిగిపోనాయి, కొత్తయి ఇప్పించండి" అన్నాడు.

వెనక నుంచి ఎవడో, "ఏటిరా, మనసు బాగునేదేటి? మేడంగోర్ని రప్పించమంటావా?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నాయుడూ నవ్వాడు. అతని చెప్పు నన్ను ఆనుకుని ఉంది. ఆ కాలు లోపలికి అడుగు వేయబోయి వెనక్కి మళ్లడం నాకు తెలిసింది.

గ్లౌజులు వచ్చాయి. అదురుకూ గంటకూ మధ్య ఎడం మాత్రం పెరుగుతూనే పోయింది.

మళ్లీ వచ్చాడు. ఈసారి వంగి నన్ను లాగబోయాడు. దామోదరం గారు కంగారుగా లేచి, "అయ్యయ్యో, అది తీయకు నాయుడూ! మీకోసం నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని నన్ను మరో తన్ను తన్ని బిగించారు. నాయుడు ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, "సరేనండి బాబూ" అని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఊడిపోదామని నేనెంత గింజుకున్నానో! తుమ్మచెక్కనాయె, ఊడితేనా?

కాసేపటికి నేల అదిరింది. గంట కోసం ఎదురు చూశాను. మోగలేదు. అదురు టక్కున ఆగింది, ఆ వెంటనే కేకలు. తలుపు నేను తెరిచి పట్టాను కనుక అందరికంటే ముందు దామోదరం గారికే వినబడ్డాయి. ఆయన పరుగెత్తిన విసురుకు కాలు తగిలి నేను ఎగిరి షెడ్డులో ఒక స్తంభం మొదట్లో పడ్డాను. అక్కడి నుంచి అంతా కనిపించింది. ఎర్రగా కాగుతున్న గంగాళం షెడ్డు నడుమ గాలిలో ఊగుతోంది. కిందివాళ్లు చెల్లాచెదురుగా పారిపోతున్నారు. పైన క్రేను గదిలో నాయుడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నా సేతులు నా మాట ఇనట్లేదు బాబూ!" అని ఒక్క కేక పెట్టాడు.

దామోదరం గారు నిచ్చెన ఎక్కారు. ఆ పొట్టతో, ఆ మెట్ల మీద ఆయన్ను ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూశాను. ఒక్క మనిషి పట్టడమే కష్టమైన ఆ గదిలోకి దూరి, వెనక తలుపు మూసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గంగాళంలో ఇనుము గడ్డకట్టేదాకా ఇద్దరూ కిందకు దిగలేదు.

నాయుడిప్పుడు వైద్యం చేయించుకుంటూ, నేలమీద పని చూసుకుంటున్నాడు. మనిషి లోపలికి రాగానే దామోదరం గారి తలుపు మూసుకుంటోంది. నన్ను చెత్తతో పాటు ఊడ్చి, గంగాళాలు వేడిచేసే పొయ్యి పక్కన కట్టెల్లో పడేశారు. నేడో రేపో నేనూ మండాల్సిందే. అందుకు నాకేమీ బెంగ లేదు.

నా బెంగ వేరు. రెండో షిఫ్టు మేనేజరు తలుపు కింద నా తోబుట్టువు ఇంకా బిగిసే ఉంది. ఆ షిఫ్టులో క్రేను నడిపేది ఎవరో నేనెప్పుడూ చూడలేదు. ఇందాక ముందు నేల అదిరింది. గంట ఆ తర్వాత మోగింది.