చెప్పని రెండు స్టాపులు

మామగారి ఫొటో స్టూడియోలో చిన్న చిన్న వస్తువులను దగ్గరి నుంచి ఫొటో తీసే పని పన్నెండేళ్ళుగా పెద్దకోడలిదే. ఉంగరాలు, గడియారం చక్రాలు, చీమల కాళ్ళు, ఒకటేమిటి! ఇన్నేళ్ళలో మామగారు ఆమెను మెచ్చుకున్నది ఒక్కసారి, అదీ "ఫరవాలేదు" అని. మొన్న మొన్న కాపురానికొచ్చిన చిన్నకోడలు దీపాన్ని ఇటు నుంచి అటు జరిపిందో లేదో, "ఈ పిల్ల చేతిలో ఏదో ఉంది" అని మురిసిపోయారాయన. ఒళ్ళు మండదా మరి? మండింది. రెండు పూటలా మండింది.

అంతలో విత్తనాల పుస్తకం పని వచ్చింది. ఫొటోలు తీసినవాళ్ళ పేరు అట్ట మీద వేస్తారట. ఇద్దరూ ఒకే గింజను తీసి చూపించండి, ఎవరిది బాగుంటే వాళ్ళకే పని అన్నారు మామగారు.

చిన్నకోడలు లెన్సు వెనక ఉన్న తోలు తిత్తిని జానెడు సాగదీసి, గింజ ఫిల్ము మీద అసలు సైజులో పడేలా నిలిపింది. వెలుగును కొలిచే చేతి మీటరును గింజ పక్కన పెట్టి చూసింది.

"ఒక సెకను చూపిస్తోందక్కా. అంతసేపే వెలుగివ్వనా? ఇంకేమైనా కలపాలా?"

కలపాలి. తిత్తి సాగేకొద్దీ లెన్సు ఫిల్ముకు దూరమై, ఉన్న దుప్పటినే నలుగురికి కప్పినట్టు వెలుగు పలచబడుతుంది. మీటరుకు ఆ గొడవ తెలియదు, గింజ మీద పడిన వెలుగు మాత్రమే తెలుసు. రెండు స్టాపులు కలిపి, అంటే వెలుగును రెండుసార్లు రెట్టింపు చేసి, సెకనుకు బదులు నాలుగు సెకన్లు ఇవ్వాలి. పెద్దకోడలిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"మీటరు చెప్పాక ఇంకేముంటుందమ్మా" అంది, దీపం తుడుస్తూ.

మర్నాడు రెండు స్లైడులూ వెలుగుబల్ల మీదికి వచ్చాయి. పెద్దకోడలి గింజ మీద నూగు కూడా కనిపిస్తోంది. రెండోదాంట్లో గింజ ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"తిత్తి లాగితే వెలుగు తగ్గుతుందని నీకెవరూ చెప్పలేదా?" అని అడిగారు మామగారు.

చిన్నకోడలు పెద్దకోడలి వైపు ఒక్కసారి చూసింది.

"అక్క చెప్పింది మామయ్యా. నేనే మరిచిపోయాను."

"సరే, పుస్తకం పెద్దకోడలిదే" అన్నారాయన. తర్వాత చిన్నకోడలి తల నిమిరారు. "తప్పయిందని ఇలా ఒప్పుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారమ్మా?"

పని పెద్దకోడలికొచ్చింది, మెప్పు మళ్ళీ ఆ పిల్లకే పోయింది. ఆ మెప్పు అబద్ధమని నిరూపించాలంటే తను చేసింది చెప్పుకోవాలి.

మామగారు వెళ్ళాక చిన్నకోడలు కాగితం, పెన్సిలు తెచ్చుకుంది.

"నిన్న ఎంత కలపాల్సిందక్కా?"

"రెండు స్టాపులు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు రాసుకుంది. తోటికోడలు నాలుగు మాటలు అనేస్తే తనూ నాలుగు అనొచ్చని పెద్దకోడలు ఆ రోజంతా కాచుకుని కూర్చుంది. ఆ పిల్ల ఒక్క మాటా అనలేదు.