కాటా బయట చక్రం

మా బావ ఉద్యోగమంతా లారీలు తూచే కాటా దగ్గరే గడిపాడు. ఏ డ్రైవరైనా ఒక చక్రాన్ని ఇనుప పలక బయట వదిలేసి తూకం తగ్గించుకోబోతే, గాజు గదిలోంచి ఊడిపడి తల్లినీ తండ్రినీ కలిపి తిట్టేవాడు. నాలాంటి డ్రైవర్లందరూ ఆయన దృష్టిలో దొంగలే. సొంత బావమరిదినని కూడా చూసేవాడు కాదు.

అంతటి మనిషికి రెండు కిడ్నీలూ మూలన పడ్డాయి. ఇప్పుడు డయాలిసిస్‌కు నేనే బండిలో తీసుకెళ్తున్నాను. "నలుగురిలో ఆయన్ని ఒక్క మాటనకురా" అని అక్క నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఆసుపత్రిలో డయాలిసిస్ పని నేర్చుకోవడానికి వచ్చిన నీలం చొక్కాల గుంపు ఒకటుంది. వాళ్లకు పాఠం చెప్పే ఆయన మా మంచాల మధ్య పెళ్లికొడుకులా తిరుగుతాడు.

"కిడ్నీలు ఏం చేస్తాయి?"

"రక్తంలో మలినాలు వడకడతాయి సార్! ఉప్పూ నీళ్లూ సరిచూస్తాయి! బీపీని అదుపులో పెడతాయి!"

"గొట్టాల్లోకి హెపారిన్ ఎందుకు?"

"రక్తం గడ్డకట్టకుండా సార్!"

"కొంతమందిని ఈ పూట బీపీ మాత్ర వేసుకోవద్దంటాం, ఎందుకు?"

"మెషిన్ నీళ్లు లాగుతుంటే బీపీ పడిపోతుంది సార్!"

చిలకలు నయం, మధ్యలో జామకాయైనా కొరుకుతాయి.

వాళ్ల పనంతా తూకంతో మొదలవుతుంది. ఒంట్లో అదనపు నీళ్లు లేకుండా మనిషి ఎంత బరువుండాలో దాన్ని డ్రై వెయిట్ అంటారు. దానికి పైన ఎంత పెరిగితే అంత నీళ్లని లెక్కగట్టి మెషిన్ చేత లాగిస్తారు. బావ ఇంట్లో చెంబులకు చెంబులు తాగుతాడు. అక్క అడ్డం పడితే "నా నీళ్లు నా ఇష్టం" అంటాడు. ఆసుపత్రిలో మాత్రం తిట్లు తినకూడదు, ఎక్కువ లాగితే వచ్చే పిక్కల నొప్పులు పడకూడదు. అందుకే తూకం మిషన్ ఎక్కగానే పక్కనున్న కిటికీ గట్టు మీద మోచెయ్యి ఆనించి బరువంతా దాని మీద వేస్తాడు. డయాలిసిస్ అయ్యాక మళ్లీ తూచేటప్పుడూ అదే తంతు. లారీ వాళ్లను తిట్టిన నోరు అదే, మోచెయ్యి మాత్రం దొంగది.

నీలం చొక్కాలు అంకె రాసుకునేవి. మనిషి కాళ్లు బూరెల్లా ఉబ్బినా వాటికి పట్టదు. పడుకుంటే ఊపిరాడక బావ గోడకు చేరగిలబడి కునుకు తీస్తున్నాడని అక్క ఏడ్చింది. అడిగితే "కాస్త గ్యాస్" అంటాడు.

ఆ రోజు బండి దిగి గుమ్మం దాకా నడవడానికే ఆగి ఆగి ఊపిరి తీశాడు. అయినా మిషన్ ఎక్కాడు, మోచెయ్యి గట్టు మీదికి పోయింది.

"కొంచెమే పెరిగారు సార్" అంది ఒక నీలం చొక్కా పిల్ల.

"చూశారా!" పాఠాలాయన చప్పట్లు కొట్టాడు. "నీళ్లు అదుపులో పెట్టుకోవడమంటే ఇదీ! ఈయన్ని చూసి నేర్చుకోండి!"

బావ నవ్వబోయాడు, దగ్గొచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. ఆ పొగడ్తతోనే పోయేలా ఉన్నాడు మహానుభావుడు. ఒట్టూ లేదు, గట్టూ లేదనుకున్నాను.

"బావా, చక్రం బయటుంది."

"నోర్ముయ్... రా."

"మోచెయ్యి తియ్యండి. పలక మీదికి రండి."

"పదిమందిలో... నా పరువు..."

నేనే చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. అంకె ఎగిరి గంతేసింది. గుంపంతా గుడ్లప్పగించి చూసింది.

"మిషన్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది" అని నసిగాడు పాఠాలాయన.

"తేడా మిషన్‌లో కాదు సామీ, ఎక్కినాయనలో ఉంది. మీ కళ్లలో కూడా."

ఆ పిల్ల వంగి బావ కాలి ఎముక మీద బొటనవేలు నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. "సార్, ఒళ్లంతా నీరే" అంటూ డాక్టరు కోసం పరుగెత్తింది. ఆక్సిజన్ పెట్టారు. అంత నీరూ ఒక్కసారే లాగితే బీపీ పడిపోతుందని ఆ పూట కొంత లాగి, మిగతాది లాగడానికి మర్నాడు మళ్లీ రమ్మన్నారు. ఇంటికి తిరిగొచ్చే దారంతా బావ నాకు వీపు చూపించే కూర్చున్నాడు. ప్రాణానికి హాయిగా ఉంది.

ఇప్పుడు ఇంట్లో వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడట. ఆసుపత్రిలో పక్క మంచం పెద్దాయనతో ఏమంటున్నాడో విన్నాను: "వీళ్లకు తూకం వెయ్యడం వచ్చిందంటే నా వల్లే. దగ్గరుండి నేర్పాను."

సిగ్గనేది మందుల షాపులో దొరికితే డబ్బాలు డబ్బాలు కొనిపెట్టేవాణ్ని.

నిన్న మళ్లీ మిషన్ ఎక్కాడు. మోచెయ్యి మెల్లగా గట్టు వైపు జరిగింది. అక్కడ నేను కూర్చుని ఉన్నాను.

"లేవరా. కిటికీలో కూర్చుంటారా ఎవరైనా? వెధవ అలవాటు."

"మీరు దిగాక లేస్తాను, బావా."