వినేవాళ్ల ముఖాలు

జోజప్ప రేడియోల మీది దుమ్మును మెత్తటి గుడ్డతో తుడుస్తూ, ఒక్కొక్కదాని వాల్యూం సగానికి తగ్గించుకుంటూ వస్తున్నాడు. ముందురోజు వచ్చినవాళ్లంతా చివరిదాకా తిప్పి వదిలేశారు. తిరువూరు బస్టాండు ఎదుటి సీతారామారావు కొట్లో అతను పనికి చేరేనాటికి ట్రాన్సిస్టర్లు లేవు. పెట్టెలో దీపం వెలిగాక, వాల్వులు వేడెక్కి గొంతు వచ్చేదాకా అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆగే ఓపిక ఎవరికీ లేదు.

ఎవరికేం కావాలో అతనికి తెలుసు. ఎడ్లబండికి తగిలించుకునేవాళ్లకు చప్పుడు కావాలి. కొత్త డాబా కట్టినవాళ్లకు నగిషీల చెక్కపెట్టె కావాలి, అది పలికినా పలక్కపోయినా. బడిపంతుళ్లు బాగా తగ్గించి, చెవి ఆనించి వింటారు. మళ్లీ వస్తామని చెప్పి వెళ్తారు.

కొన్నాళ్లుగా జోజప్ప చెవులు పనిచేయడం లేదు. ఎదురుగా మాట్లాడితే పెదవుల ఆసరాతో అర్థమవుతుంది. పాట మాత్రం పూర్తిగా పోయింది. సంగతి బయటపడితే ఈ పని ఉండదు. ఇది తప్ప అతనికి మరో పని రాదు. అందుకే రేడియో పెట్టి, వినేవాళ్ల ముఖం చూసేవాడు. ఏ రేడియో దగ్గర నుదుటి ముడి విడిపోతే అదే వాళ్లకు ఇచ్చేవాడు. అలా ఇచ్చింది ఒక్కటీ తిరిగి రాలేదు.

మధ్యాహ్నం పెనుగొలను నుంచి హనుమయ్య, అతని భార్య నాగేంద్రమ్మ వచ్చారు.

“మా ఊళ్లో వీరరాఘవయ్య గారి రేడియోలో వార్తలాయన ఖంగుమని చదువుతాడయ్యా. మాకూ ఆయనున్న రేడియోనే ఇవ్వు. మా బావ దాంట్లో ఆయనకి ఎప్పుడూ జలుబే,” అన్నాడు హనుమయ్య.

జోజప్ప నవ్వలేదు. అన్నింట్లోనూ ఆయనేనని, పెట్టెను బట్టి గొంతు మారుతుందని చెప్పి, చెక్కపెట్టె వాల్వు రేడియో పెట్టాడు. కాసేపటికి నాగేంద్రమ్మ కొంగు మెలిపెట్టడం మానేసింది. పాట మొదలైందన్నమాట.

“వింటున్నారా అమ్మా? గొంతులో తడి చూడండి. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది.”

హనుమయ్య ఏదో అనబోయాడు. ఆమె అతని చెయ్యి నొక్కి, “బాగుందండి. ఇదే ఇవ్వండి,” అంది.

అది పాట వింటున్న ముఖం కాదు. భార్య హన్నమ్మను సమాధి చేసిన రోజున అతని ఇంటికి వచ్చినవాళ్లందరిదీ ఆ ముఖమే. జోజప్ప తల తిప్పాడు. రేడియో దీపం ఆరిపోయి ఉంది. కరెంటు ఎప్పుడు పోయిందో. గల్లాపెట్టె దగ్గర సీతారామారావు పేపరు దించి చూస్తున్నాడు.

“కరెంటొచ్చాక, విని కొనుక్కోండమ్మా,” అన్నాడు జోజప్ప.

వాళ్లు కూర్చున్నారు. కరెంటు వచ్చాక ఆమె కళ్లు మూసుకుని వింది. హనుమయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. రేడియోను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తీసుకెళ్లారు.

సాయంత్రం సీతారామారావు ఎదురుగా వచ్చి నిలబడి, ఎప్పటినుంచని అడిగాడు.

“మా హన్నమ్మ పోయిన ఏడు నించండి. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు గదా, అందుకే అంత నిశ్శబ్దంగా ఉందనుకున్నా.”

సీతారామారావు, కొట్టు ఊడ్చి దుమ్ము తుడవడానికైనా రోజూ రమ్మన్నాడు. జోజప్ప రానని తల అడ్డంగా ఊపి, గోడకున్న చొక్కా తొడుక్కుని, ఇంటికి పోయే ఎ.కొండూరు బస్సెక్కాడు.

అద్దాల బల్ల మీద, ఇన్నాళ్లూ అతని దగ్గరే ఉన్న కొట్టు తాళంచెవి ఉంది, ఎక్కడా పోకుండా అతను ఏనాడో చుట్టుకున్న రాగితీగ ముడితో.