రెండో దణ్ణం

పెద్ద హాస్యనటుడు ఓక్ మాన్సు పోయాడన్న కబురు వచ్చేసరికి జేవన్ రికార్డింగ్ గదిలో తన పాట చివరి చరణం అప్పుడే ముగించాడు.

కొరియా రాజధాని సియోల్ నగరంలో పదహారేళ్ళుగా పాడుతూ, గెంతుతూ, నవ్విస్తూ బతికిన మనిషికి అది సొంతంగా రాసుకున్న మొదటి పాట. అంతకు ముందువన్నీ ఎవరో రాసిచ్చినవే. మధ్యలో ఇతను ఇంగ్లీషులో గబగబా నాలుగు ముక్కలు వాగితే చాలు, దాన్నే ర్యాప్ అని కంపెనీవాళ్ళు అమ్ముకునేవారు. ఈ పాట మాత్రం పూర్తిగా కొరియన్‌లో ఉంది. అమెరికాలో, టకోమా ఊళ్ళో, మరకలు పోగొట్టే మందునీళ్ళలో బట్టలుతికే దుకాణం నడిపే తండ్రి మీద రాశాడు. "ఊరి మరకలన్నీ వదిలించావు నాన్నా, నీ చేతి మందువాసన వదల్లేదు" అన్నది పల్లవి. దాన్ని విడుదల చెయ్యమని కంపెనీ యజమాని కూ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి మాన్సు మాట సాయం చేస్తే గాని కూ మెత్తబడలేదు.

అద్దం అవతల కూర్చుని కూ చివరిదాకా విన్నాడు.

"బాగా పాడావురా. బాగా పాడటమే నా దిగులు."

"అదేంటి సార్?"

"జనానికి కావాల్సింది టకో. ఇప్పుడు పాడినవాడెవడో నాకే తెలీదు, వాళ్ళకేం తెలుస్తుంది?"

"ఆ పాడినవాణ్ణే పరిచయం చేద్దాం సార్."

"పెద్దాయన చెప్పాడు గనక ఒప్పుకున్నా. లేకపోతే నీ మొహం చూసి డబ్బు పెడతానా? సరే, వచ్చే నెల వదులుదాం."

సంతోషపడటానికి కూడా వ్యవధి లేకపోయింది. మేనేజర్ ప్యో తలుపు తోసుకుని వచ్చి, "అన్నా... మాన్సు మాస్టారు పోయారంట" అన్నాడు.

టకో అంటే ఎవరో ఆ దేశంలో అడిగితే జనం నవ్వుతారు. పంతొమ్మిదేళ్ళ వయసులో జేవన్ టకోమా నుంచి వచ్చి నలుగురు కుర్రాళ్ళ బృందంలో చేరాడు. ఆ బృందం మూడేళ్ళయినా నిలవలేదు. అది విడిపోక ముందే, వచ్చిన మొదటి ఏడాదే, టీవీలో కొత్త సంవత్సరం కార్యక్రమానికి పిలిచి, పట్టుబట్టలు కట్టించి, హాస్యానికి రాజులాంటి ఓక్ మాన్సు ముందు నిలబెట్టారు. పెద్దాయనకు దణ్ణం పెట్టమన్నారు. జేవన్ మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి, లేచాడు. ఇంత గొప్పవాడికి ఒక్కటేం సరిపోతుంది అనుకున్నాడో ఏమో, మళ్ళీ మోకరిల్లి రెండోది పెట్టాడు.

బతికున్న పెద్దలకు ఒకటి, పోయినవారికి రెండు. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మాన్సు గుండె పట్టుకుని వెనక్కి ఒరిగి, చేతులు పొట్టమీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక కన్ను మాత్రం తెరిచి, "పాడె కూడా తెచ్చావా, బయటే పెట్టావా?" అని అడిగాడు. స్టూడియో నవ్వులతో కూలిపోయింది. ఆ మర్నాడు దేశమంతా పిల్లలు తాతలకు రెండేసి దణ్ణాలు పెట్టి తన్నులు తిన్నారు. టకోమావాడు గనక టకో అని పేరు పెట్టింది కూడా మాన్సే.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఇతని చేను జనం నవ్వితేనే పండింది. ఏటా కొత్త సంవత్సరానికి అదే దణ్ణం, అదే పాడె. నత్తినత్తిగా వంకర కొరియన్ మాట్లాడాలి, పచ్చడి కారానికి ముక్కు చీదాలి, చెప్పులేసుకుని ఇంట్లోకి నడవాలి. కొరియన్ నేర్చుకుంటానని మొదట్లో ఒకసారి అంటే కూ కళ్ళెర్రజేశాడు. "నేర్చుకుంటే నువ్వెవడివిరా? నీలాంటివాళ్ళు ఇక్కడ వీధికి వందమంది" అన్నాడు. జేవన్ ఎవరికీ చెప్పకుండానే నేర్చుకున్నాడు. దణ్ణం పెట్టడం నేర్పింది మాన్సు భార్య. ఆ మొదటి ఏడాది షూటింగ్ అవగానే ఆవిడే ఇంటికి తీసుకెళ్ళి, బియ్యపు బిళ్ళల పులుసు పెట్టి, ఏ చెయ్యి పైన ఉండాలో, ఎంతసేపు వంగాలో దగ్గరుండి చూపించింది. అప్పటినుంచీ ప్రతి ఏడూ టీవీలో తప్పుడు దణ్ణం అయ్యాక ఆ ఇంటికి వెళ్ళి అసలు దణ్ణం పెట్టి వచ్చేవాడు. ఆ ఊళ్ళో అతన్ని జేవన్ అని పిలిచే ఇల్లు అదొక్కటే.

ఆసుపత్రి కింది అంతస్తులో, శవాన్ని ఉంచే హాలుకు వెళ్ళే దారంతా పూలచట్రాలు బారులు తీరి ఉన్నాయి. టీవీవాళ్ళవి, కంపెనీలవి, ఒకటి మంత్రిగారిది. నల్లకోటు వేసుకుని జేవన్ లోపలికి రాగానే, పరామర్శకు వచ్చినవాళ్ళకు పెట్టే పులుసు తాగుతున్నవాళ్ళు చెంచాలు ఆపారు. కొందరు పెదవులు బిగబట్టారు. నవ్వు ఎక్కడ వచ్చేస్తుందోనని ఒకావిడ చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. మాన్సు శిష్యుడైన ఒక హాస్యగాడు సోజు సారా వాసనతో చెవి దగ్గరికొచ్చాడు.

"ఒరే టకో, బతికున్నప్పుడు రెండు పెట్టావు గదా, ఇప్పుడు ఒక్కటే పెడతావా ఏంటి? పెట్టరా, ముసలాడు లేచి కూర్చుంటాడు."

జేవన్ అతన్ని దాటుకుని ముందుకు నడిచాడు. పటం పక్కన నల్లబట్టల్లో కూర్చున్న మాన్సు భార్య తలెత్తి చూసింది. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి.

"వచ్చావా జేవన్. సరిగ్గా పెట్టు నాయనా. పెద్దాయన నీకోసమే చూస్తున్నాడు."

అతను అగరొత్తి వెలిగించాడు. తెల్ల చామంతుల మధ్య మాన్సు పటంలో నవ్వుతున్నాడు. కుడిచేతిని ఎడమచేతి మీద ఉంచి, మోకరిల్లి, నుదురు ఆనించి, ఊపిరి తీసి లేచాడు. మళ్ళీ మోకరిల్లాడు. రెండోసారి లేవడానికి కొంచెం ఆలస్యమైంది. తరువాత పక్కనే నిలబడ్డ మాన్సు కొడుకు వైపు తిరిగి ఒక్క దణ్ణం పెట్టి, పెద్దవాళ్ళు అనే మాటల్లోనే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, "ఇంత పెద్ద దుఃఖంలో ఉన్న మీకు ఏమని చెప్పను" అన్నాడు. ఆ దేశానికి వచ్చాక పదిమంది ముందు అతను తనలా మసలుకున్నది అదే మొదటిసారి. దుఃఖంలో ఉన్నా లోపల ఏదో తేలికపడింది.

పులుసు బల్ల దగ్గర కూర్చున్నవాడెవడో దాన్ని ఫోన్లో పట్టాడు.

మర్నాడు ఉదయానికి దేశమంతా చూసింది. మెచ్చుకున్నవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ గొంతు ఎంతసేపు వినబడుతుంది? మధ్యాహ్నానికి గాలి తిరిగింది. "వీడికి అన్నీ తెలుసన్నమాట. పదహారేళ్ళుగా మనల్ని వెర్రివెధవల్ని చేశాడు" అని ఒకరు రాస్తే, ఇంకొకరు "ఆ మాట్లాడటం చూడండి, మా మామ కూడా అంత శుద్ధంగా మాట్లాడడు" అన్నారు. అన్నిటికంటే లోతుగా దిగిన మాట ఇది: "సైన్యంలోకి రమ్మంటే అమెరికావాడు, దణ్ణాల దగ్గరికొస్తే కొరియావాడు." అక్కడ మగవాడన్నవాడు కొన్నాళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలి గనక దానికి వేలమంది చప్పట్లు కొట్టారు. కారం తినలేక ఏడ్చే టకోను పెట్టి ప్రకటన తీసిన నూడుల్స్ కంపెనీ సాయంత్రానికల్లా ఆ ప్రకటన ఆపేసింది. అబద్ధం ఆడినన్నాళ్ళూ ముద్దుచేసిన జనం, నిజం ఒక్కసారి బయటపడితే దగా అన్నారు. ఈ జనం ఎక్కడైనా ఒక్కటే లెండి.

కూ ఆఫీసులో కిటికీ తెరలు దించి ఉన్నాయి. బల్లమీద తెల్లకాగితం, పెన్ను సిద్ధంగా పెట్టాడు. అక్కడ ఏ తార ఏ తప్పు చేసినా సొంత చేతిరాతతో క్షమాపణ రాసి జనం ముందు పెట్టాల్సిందే. తాగి కారు నడిపినా, పెళ్ళాన్ని మోసం చేసినా అదే మందు.

"రాయి" అన్నాడు కూ.

"ఏమని రాయాలి సార్? దణ్ణం సరిగ్గా పెట్టినందుకు క్షమించండి అనా?"

"ఎవరో పక్కనుండి చెప్తే అలా పెట్టేశాను, నాకు ఇంకా ఏమీ రాదు అని రాయి. రెండు మూడు తప్పులు పడనియ్యి. అక్షరాలు గుండ్రంగా వద్దు, కోడి కెలికినట్టుండాలి."

"పోయిన మనిషికి పెట్టిన దణ్ణం సార్ అది. దాన్ని కూడా అబద్ధమనమంటారా?"

"అనకపోతే టకోమా పో. మీ నాన్న పక్కన నిలబడి ఇస్త్రీ చేసుకో. ఎవడు ఆపాడు?"

"నా పాట?"

కూ కుర్చీలో వెనక్కి వాలాడు. చావుకు పెడితే గాని లంఖణానికి రాడన్న లెక్క అతనికి బాగా తెలుసు.

"పాట గురించి ఇంకా అడుగుతున్నావా? దాన్ని గొయ్యి తవ్వి పూడ్చేద్దామనుకున్నా. ఒక్క దారి ఉంది. టకో పాడితే వదులుతా."

"అంటే?"

"అంటే ఏముంది? నీ టీవీ గొంతుతో, ఆ వంకర మాటలతో మళ్ళీ పాడు. వాయిద్యాలు కొంచెం హుషారుగా వేయిస్తా. జనం కోపం పోయి నవ్వుతారు. నీ పాట బయటికొస్తుంది, నా డబ్బూ బయటికొస్తుంది."

"ఆ పాట నవ్వడానికి కాదు సార్. అది మా నాన్న."

"మీ నాన్నను నేనేమైనా అన్నానా?"

జేవన్ కాగితం ముట్టుకోకుండా లేచిపోయాడు. కిందకి వచ్చాక ప్యో కారు తీశాడు. వంతెన దగ్గర బండ్లు ఆగినప్పుడు మెల్లగా అన్నాడు.

"కోపం రాకపోతే ఒక మాట చెప్తా అన్నా. అది బయటికి రాకుండా చచ్చిపోవడం కంటే వంకరగానైనా రావడం మేలు కదా? మాటలు నీవే. రేపు ఎవడో ఒకడు నవ్వు ఆపి వింటాడు."

"వింటాడంటావా?"

"వినకపోయినా, పాట ఉంటుంది కదన్నా."

జేవన్ రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అది చావూ కాదు, బతుకూ కాదు. మాన్సు భార్యకు ఫోన్ చేద్దామని తీశాడు గాని సిగ్గేసి పెట్టేశాడు. మాటలు నావే కదా అని తనకు తాను పదేపదే సర్దిచెప్పుకున్నాడు. అమ్ముడుపోయేవాళ్ళందరూ చెప్పుకునే మాటే అది. మూడో రోజున వెళ్ళి కోడి కెలికినట్టు క్షమాపణ రాశాడు. ఆ సాయంత్రమే మైకు ముందు నిలబడి, ఏళ్ళ తరబడి దిద్దుకున్న ప్రతి మాటనూ ఒక్కొక్కటిగా వంచి పాడాడు. "ఊరీ మారకలాన్ని వాదిలించావు నానా" అని పాడుతుంటే అద్దం అవతల కూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

పాట దేశాన్ని ఊపేసింది. అతని పేరుమీద వచ్చిన పాటల్లో మొదటి స్థానానికి ఎక్కింది అదొక్కటే. నూడుల్స్ కంపెనీ తిరిగొచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. బడిపిల్లలు తండ్రులను "నానా" అని పిలవడం మొదలుపెట్టారు. క్షమాపణ చూసినవాళ్ళు, పాపం అమాయకుడు, ఎవరో నేర్పితే పెట్టాడట అని జాలిపడ్డారు.

ఆ వారమే టకోమా నుంచి తండ్రి ఫోన్ చేశాడు. ఎప్పుడూ పొడిపొడిగా మాట్లాడే మనిషి గొంతులో ఆ రోజు హుషారు పొంగుతోంది.

"ఒరే, నీ పాట దుకాణంలో పొద్దస్తమానం పెడుతున్నా. చర్చికొచ్చే మనవాళ్ళందరూ ఒకటే నవ్వు. పాస్టరుగారైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. భలే నవ్వించావురా!"

"నాన్నా, మాటలు విన్నావా?"

"ఆ, ఏదో మరకల గురించి కదా? ఆ నానా అనేది ఉంది చూడు, అక్కడ నాకూ నవ్వాగలేదు."

 బాగున్నావా, తిన్నావా అని అడిగి జేవన్ ఫోన్ పెట్టేశాడు. ముప్పయ్యేళ్ళు మందునీళ్ళలో చేతులు పెట్టినవాడి గురించి కొడుకు ఒక పాట రాస్తే, అది విని ఆ తండ్రే నవ్వాడు. తనను చూసి ఎవరు నవ్వినా తట్టుకున్నాడు గాని ఇది మాత్రం గొంతు దిగలేదు. ఒక్కసారి, ఒక్కచోటైనా సరిగ్గా పాడాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

ఒక విశ్వవిద్యాలయం పండుగకు పిలుపు వచ్చింది. మైదానం నిండా కుర్రాళ్ళు, చేతుల్లో బీరు గ్లాసులు, టకో బొమ్మ ఉన్న విసనకర్రలు. వేదిక పక్కన ప్యోతో, "ఇవాళ వాయిద్యాలు నెమ్మదిగా వెయ్యమని చెప్పాను" అన్నాడు.

ప్యోకు అర్థమైంది. "అన్నా, కూ సార్‌కి తెలిస్తే ఇద్దరి మెడలూ పోతాయి."

"పోనీ."

జేవన్ వెలుగులోకి నడిచాడు. కేకలు సద్దుమణిగేదాకా ఆగి, కళ్ళు మూసుకుని, తన గొంతుతో పాడాడు. "ఊరి మరకలన్నీ వదిలించావు నాన్నా..."

ముందు వరుసలో ఒక క్షణం నిశ్శబ్దం. వింటున్నారు అనుకున్నాడు. 

తరువాత ఒక అమ్మాయి పకపకా నవ్వింది. "అయ్యో, తప్పు పాడుతున్నాడు!" అని అరిచింది. "టకో పాట మర్చిపోయాడ్రోయ్!" అని ఎవడో అందుకున్నాడు. మైదానమంతా నవ్వులు పాకాయి. చెడ్డబుద్ధితో కాదు, ప్రేమతోనే. తడబడిన పిల్లవాడికి మాట అందించినట్టు అందరూ ఒక్కసారిగా చప్పట్లు చరుస్తూ అందించారు. "ఊరీ మారకలాన్ని! వాదిలించావు! నానా!"

జేవన్ గొంతు పెంచి రెండో చరణం కూడా సరిగ్గానే పాడాడు. మైకు ఉండి కూడా తన గొంతు తనకు వినబడలేదు. వాళ్ళు ఇంకా గట్టిగా, ఇంకా ముద్దుగా దిద్దారు. ముందు వరుసలోని ఆ అమ్మాయి పెదవులు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటా ఎలా పలకాలో అతనికి చూపిస్తోంది.

మూడో చరణానికి జేవన్ ఆమె పెదవుల వైపే చూస్తూ వాళ్ళతో గొంతు కలిపాడు. ఒక్క తప్పు కూడా వదలకుండా పాడాడు.