తమ్ముణ్ణి ఉంచమను

మే నెలలో మా యజమాని బెర్తోలి గారి ఆవుల షెడ్డులోకి పాలు పితికే రోబోలు వచ్చాయి. మొత్తం మూడు. ఒక్కొక్కటీ మా ఇంటి బీరువాకు రెట్టింపు ఉంది. ఆవు తనంతట తానే లోపలికి వెళ్లి నిలబడితే, కింది నుంచి ఇనుప చెయ్యి ఒకటి వచ్చి పొదుగు కడిగి, గొట్టాలు తగిలించి, పాలు అయిపోగానే వదిలేస్తుంది. మొదటిరోజు నాన్న ఒకదాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"దీనికి మోకాళ్లు లేవు. పెట్టి పుట్టింది," అన్నాడు.

నాన్న పేరు నఛత్తర్ సింగ్. ఇటలీలో క్రెమోనా దగ్గర ఈ పొలంలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. తెల్లవారుజామున మూడింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఇంకోసారి నూట ఎనభై ఆవులకు గొట్టాలు తగిలించేవాడు. ఎనిమిదేళ్ల కిందట తమ్ముడు బల్కార్‌ను, అంటే మా చాచాను, తనే పిలిపించుకున్నాడు. చాచా, రూపిందర్ చాచీ, వాళ్ల ఇద్దరు పిల్లలు రెండేళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. తర్వాత యజమాని పాత ధాన్యపు కొట్టును బాగుచేయించి వాళ్లకిచ్చారు. మా ఇల్లూ ఆయనదే, వాళ్ల ఇల్లూ ఆయనదే. అద్దె లేదు. పని ఉన్నన్నాళ్లు ఇల్లు ఉంటుంది. పని పోయిందంటే నెలలో ఖాళీ చెయ్యాలి. ఇక్కడ ఆవుల దగ్గర పనిచేసే మావాళ్లందరిదీ ఇదే పద్ధతి.

మాకు సొంత ఇల్లు లేదని కాదు. పంజాబులో నకోదర్ పక్కన మా ఊళ్లో నాన్న మూడంతస్తులు కట్టించాడు. పన్నెండు గదులు. నేను పుట్టాక వాటిలో మొత్తం నలభై రోజులు పడుకుని ఉంటాను. మా వైపు విదేశాల్లో ఉన్నవాళ్లు మేడమీద నీళ్లట్యాంకును విమానంలాగానో ఫుట్‌బాల్ లాగానో కట్టిస్తారు. ఎవరిల్లో దూరం నుంచే తెలియాలి. నాన్న ఆవును కట్టించాడు. నలుపూ తెలుపూ మచ్చలు వేయించి, మెడలో గంట కూడా పెట్టించాడు.

"ఇక్కడ బతుకంతా ఆవు కిందే గడిపావు వీర్‌జీ. అక్కడికెళ్లినా నెత్తిమీద ఆవేనా?" అని చాచా ఫోనులో ఫోటో చూసి నవ్వాడు.

"ముందు నువ్వు ఒక దూడనైనా కట్టు, తర్వాత మాట్లాడు," అన్నాడు నాన్న.

చాచా ఏమీ కట్టలేదు. చాచీ ఆకుకూరలు కడిగి సంచుల్లో నింపే ఫ్యాక్టరీకి వెళ్లేది. ఇద్దరి జీతాలూ ఇక్కడి బ్యాంకులోనే వేసుకునేవారు. అమ్మ కూడా వెళ్తానని మూడుసార్లు అడిగింది. "నా ఇంట్లో ఆడది అర్ధరూపాయి తేవక్కర్లేదు," అని నాన్న అడిగినప్పుడల్లా అదే మాట చెప్పాడు. ఒకసారి ఊరి చివర పోస్టుమాస్టరు భార్య తన చిన్న ఇంటిని ముప్పై ఎనిమిది వేల యూరోలకు అమ్మకానికి పెట్టింది. వెనక అంజూరపు చెట్టు, ముందు బస్సు స్టాపు. అమ్మ ఆ వారమంతా ఆ దారినే నడిచింది.

"కూలికొచ్చిన ఊళ్లో ఇల్లు కొనడమేంటి?" అన్నాడు నాన్న. "ఇల్లంటే మనల్ని ఎరిగినవాళ్ల కళ్లముందు ఉండాలి. ఇక్కడ ఎవడు చూడొచ్చాడు?"

"నేను చూస్తాను కదా," అంది అమ్మ.

ఆ డబ్బుతోనే మూడో అంతస్తు లేచింది.

జూన్ మొదటి వారంలో యజమాని నాన్ననూ చాచానూ తన వంటగదికి రమ్మన్నారు. నన్నూ తీసుకురమ్మన్నారు. నాన్నకు వచ్చిన ఇటాలియన్ భాష ఆవులకు సరిపోతుంది, కాగితాలకు సరిపోదు. చాచాది ఇంకా తక్కువ. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, పంచాయతీ ఆఫీసులోనూ ఎనిమిదేళ్ల వయసు నుంచి రెండు ఇళ్ల మాటలూ నేనే మోస్తున్నాను. నాకై నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. బడిలో టీచరు పేరు పిలిస్తే చెవులు కాలిపోతాయి. ఇంకొకరి మాట చెప్పేటప్పుడు మాత్రం అంత భయం ఉండదు.

వెళ్లేముందు అమ్మ నన్ను పక్కకు లాగింది.

"నవ్‌రూప్, వాళ్లిద్దర్లో ఒకరినే ఉంచుతారట. పాల లారీ డ్రైవరు చెప్పాడు. మీ నాన్న నోరు జాగ్రత్త."

"నేనేం చెయ్యగలనమ్మా?"

"ఏమో. నీ బడి కూడా ఈ ఇంట్లోనే ఉంది, గుర్తుపెట్టుకో."

అది నిజం. నేను చదివే వ్యవసాయ బడికి బస్సు మా పొలం గేటు ముందే ఆగుతుంది. ఇంకా మూడేళ్లు చదివితే పశువుల ల్యాబులో పని దొరుకుతుంది. ఈ ఇల్లు పోతే ఇంత దగ్గరలో అద్దెకు దొరికేది లేదు, దొరికినా మావాళ్లకు ఇచ్చేవాళ్లు లేరు.

బెర్తోలి గారు టోపీ బల్లమీద పెట్టి మాకు కాఫీ పోశారు. చాచా ముందు వద్దన్నాడు, నాన్న కూడా వద్దన్నాడు. ఆయన నిజంగానే తీసేయబోయారు. నేను "తాగుతారు" అని చెప్పాను.

ఇది మావాళ్ల అలవాటు. ఎవరేం ఇచ్చినా మొదట వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. ఏదైనా నాకు కావాలని అనకూడదు, ముందు ఎదుటివాడికి ఇమ్మనాలి. అప్పుడు ఎదుటివాడు అయ్యో నాకెందుకు, నీకే అనాలి. అలా కాసేపు లాగులాట జరిగాక, అందరికీ మొదటినుంచీ తెలిసినట్టే అవుతుంది. పిజ్జా తిన్నాక బిల్లు కోసం నాన్న, చాచా చొక్కాలు పట్టుకుంటే, కొట్టుకుంటున్నారేమోనని వడ్డించే అమ్మాయి పరుగెత్తుకొచ్చేది. ఎంత లాగులాడినా బిల్లు మాత్రం ప్రతిసారీ నాన్నే కట్టాడు.

యజమాని నెమ్మదిగా, నేను అందుకునేలా చెప్పారు. రోబోలు వచ్చాక ఒక్క మనిషి చాలు. దూడలను చూసుకోవాలి, యంత్రం ఆగితే పిలవాలి. ఇల్లు ఆ మనిషికే ఉంటుంది. రెండో మనిషికి నాలుగు నెలల జీతం ఇచ్చి పంపిస్తారు. "నఛత్తర్ ముందు వచ్చాడు. కాబట్టి అతన్నే అడుగుతున్నాను. నువ్వు ఉంటావా? శుక్రవారం లోపు ఆఫీసుకు పేరు పంపాలి."

నేను మాట పొల్లుపోకుండా చెప్పాను. నా గుండె తేలికపడింది. అడిగింది నాన్ననే. ఉంటానంటే చాలు.

నాన్న కాఫీ కప్పును కొంచెం దూరం జరిపాడు. చాచా వైపు చూశాడు. మీసం దువ్వుకున్నాడు.

"తమ్ముణ్ణి ఉంచమను," అన్నాడు.

నాకు అర్థమైంది. చాచాకు కూడా అర్థమైంది. ఇప్పుడు చాచా లేచి నాన్న మోకాళ్లు ముట్టుకుని, "ఏం మాటలు వీర్‌జీ, నువ్వుండగా నేనా?" అనాలి. నాన్న ఇంకోసారి అనాలి. చాచా ఇంకా గట్టిగా వద్దనాలి. అప్పుడు నాన్న నిట్టూర్చి, సరేలే అంటాడు.

చాచా కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"చిన్నవాడు. పిల్లలు కూడా చిన్నవాళ్లు," అని నాన్న ఇంకొంచెం గట్టిగా అన్నాడు.

చాచా చెంచాతో కాఫీ తిప్పాడు. అందులో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

"ఏమంటున్నాడు?" అని యజమాని నన్ను అడిగారు.

నేను పంజాబీలో, "నాన్నా, చెప్పేయనా? ఈయన నిజమనుకుంటారు," అన్నాను.

నాన్న ముఖం ఎర్రబడింది. "నిజం కాక? నేను అబద్ధాలాడుతున్నానా? చెప్పమన్నాను, చెప్పు."

"చాచా..." అన్నాను. పెద్దవాళ్ల మధ్య నేను అన్న మొదటి సొంత మాట అది. చాచా తల ఎత్తలేదు.

నేను చెప్పాను.

 బెర్తోలి గారు లేచి నాన్న చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. "నాకూ ఒక అన్న ఉండేవాడు. ఒక ట్రాక్టరు కోసం పన్నెండేళ్లు నన్ను కోర్టులో తిప్పాడు," అన్నారు. ఆ తర్వాత చాచా చేతిని ఒకసారి ఊపి వదిలేశారు. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

గుమ్మం దాటాక చాచాకు గొంతు వచ్చింది. "నువ్వు ఎలా చెబితే అలాగే వీర్‌జీ. నీ మాటకు నేనెప్పుడు ఎదురు చెప్పాను?"

నాన్న అతని భుజం తట్టాడు. ఆ చెయ్యి భుజంమీద నిలవకుండా జారిపోయింది.

ఇంట్లో అమ్మ అంతా విని నా వైపు తిరిగింది. "నువ్వెలా చెప్పావే? మీ నాన్నకు బుద్ధి లేదు, నీకు రెండు భాషలున్నాయి కదా. ఉంటానన్నాడని చెబితే నీ నాలుక ఊడిపోయేదా?"

"పిల్లనెందుకంటావు?" అన్నాడు నాన్న.

"నిన్నంటే నీకు తగలదు. ఎనిమిదేళ్లు తమ్ముడికి ఏం నేర్పావు, తీసుకోవడం తప్ప? వాడు బాగానే నేర్చుకున్నాడు."

సాయంత్రం చాచీ గిన్నె నిండా సేమియా పాయసం తెచ్చింది. "ఆయన రెండుసార్లు నోరు తెరిచాడట అక్కా, మాట రాలేదట. నాతో ఏడ్చాడు."

"మాట రాకపోతే దగ్గినా చాలేది," అంది అమ్మ. "ఏ దగ్గుకైనా మీ బావగారు ఒప్పుకునేవాడు. ఆ గిన్నె తీసుకుపో. పిల్లలు చిన్నవాళ్లటగా, వాళ్లకు పెట్టు."

గురువారం బడి నుంచి వచ్చి, ఇంటికి పోకుండా నేరుగా యజమాని ఇంటికి వెళ్లాను. నా అంతట నేను ఎవరి తలుపూ ఎప్పుడూ కొట్టలేదు. వాక్యాలు బస్సులోనే కూర్చుకున్నాను. ఆయన ముందు నిలబడేసరికి సగం మర్చిపోయాను. మావాళ్లు అలాగే అంటారని, ఎదుటివాడు వద్దంటాడనుకుని అంటారని, నాన్నకు ఉండాలనే ఉందని చెప్పాను.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"నేను ఉంటావా అని అడిగాను కదా అమ్మాయ్. అవుననడానికి ఏం కష్టం?"

నేను బడిసంచి పట్టీ సర్దుకున్నాను.

"నిజం చెబుతున్నాను, నాకూ మీ నాన్నే కావాలి. ఆయన మోకాళ్లు బాగాలేవని తెలుసు. కానీ ఆ రోబో తెరమీద వచ్చేది నువ్వు చదివి చెబుతావనుకున్నాను. మీ బడిలో నేర్పుతున్నారట కదా. పేరు రేపు మధ్యాహ్నం పంపిస్తాను. ఈలోగా వచ్చి నాకు కావాలి అని ఒక్క మాట అనమను. నువ్వు కాదు, ఆయనే అనాలి. ఆ మాట ఆయనకు ఇటాలియన్లో వచ్చు."

పరుగెత్తాను. నాన్న దూడల దగ్గర బకెట్లు కడుగుతున్నాడు. ఊపిరి ఆడకుండానే అంతా చెప్పాను. మొదట ఆయన ముఖం విప్పారింది. నేను చూశాను. నిజంగానే చూశాను. తర్వాత బకెట్ బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"నువ్వెళ్లి అడుక్కున్నావా?"

"అడుక్కోలేదు నాన్నా. చెప్పాను."

"తమ్ముడికి ఇచ్చినదాన్ని చేతిలోంచి లాక్కోమంటావు. బల్కార్ ఊరికి ఫోన్ చేసి చెప్పేశాడు తెలుసా? వీర్‌జీ నాకు వదిలేశాడని. నిన్న పెద్దత్త ఫోన్ చేసి ఏడ్చింది. సర్పంచ్ కూడా చేశాడు. ఇప్పుడెళ్లి నాకు కావాలి అనమంటావా?"

"నా బడి నాన్నా."

ఆయన నా తలమీద చెయ్యి పెట్టాడు. చెయ్యి తడిగా ఉంది. "బడులు చాలా ఉంటాయి పుత్తర్."

శుక్రవారం పొద్దున నాన్న తలపాగా కట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ కట్టుకున్నాడు. అమ్మ తలుపు తెరిచి పెట్టి, ఒక మాట కూడా అనకుండా పక్కకు జరిగింది. ఆయన గుమ్మం దాకా వచ్చాడు. ఎదురింటి మెట్లమీద చాచా బూట్లు వేసుకుంటూ కనిపించాడు. "సత్ శ్రీ అకాల్ వీర్‌జీ," అన్నాడు, కళ్లు బూట్లమీదే పెట్టి. నాన్న బదులు చెప్పి లోపలికి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం పన్నెండు దాటేవరకు అలాగే తలపాగాతో మంచంమీద కూర్చున్నాడు.

ఇప్పుడు మేం బ్రెషా పట్నం అవతల, నకోదర్ మనిషి ఒకాయన కిరాణా కొట్టు పైన ఒకటిన్నర గదిలో ఉంటున్నాం. మోకాళ్లు చూసి నాన్నను ఎవరూ పనిలోకి తీసుకోలేదు. ఇక్కడి వ్యవసాయ బడిలో ఖాళీ లేదన్నారు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. నాకు పదహారు నిండాయి కాబట్టి పనికి వెళ్లొచ్చు. చాచీ తన ఫ్యాక్టరీ పెద్దతో మాట్లాడింది. వాళ్లకే ఈ వైపు ఇంకో షెడ్డు ఉందట. అమ్మ ఆమెకు ఫోన్‌లో థాంక్స్ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు గిన్నెలు కడిగింది.

పోయిన ఆదివారం గురుద్వారాలో వరసల్లో కూర్చుని లంగర్ భోజనం చేస్తుంటే, ఒక ముసలాయన కొత్తగా వచ్చినవాళ్లకు నాన్నను చూపించాడు. "తమ్ముడి కోసం పనీ, ఇల్లూ వదిలేసింది ఈయనే. ఈ రోజుల్లో ఎవరున్నారు ఇలాంటివాళ్లు?"

నాన్న వీపు నిటారుగా అయింది. అక్కడ అందరూ ఆయన్ను భాయీ సాబ్ అంటారు. చెప్పమని అడిగారు, చెప్పాడు. ఆయన చెప్పే కథలో యజమాని రెండుసార్లు బతిమాలతాడు, చాచా కాళ్లమీద పడతాడు, నాన్నే వినడు.

"ఆ తెల్లోడు ఏడ్చేశాడండీ," అన్నాడు. "కావాలంటే మా పిల్లనడగండి. నా మాట ఆయనకు చెప్పింది తనే."

వరసలోని వాళ్లందరూ నా వైపు తిరిగారు. నా చెవులు కాలిపోయాయి.

"అవును," అన్నాను.

ఎదుటి వరసలో అమ్మ పళ్లెం తీసుకుని లేచింది. నేనూ లేచాను. రెండింటికి ఆకుకూరల షెడ్డులో మా ఇద్దరికీ షిఫ్టు.