దొర కాలివేళ్ళు

సెల్‌ఫోన్లు బాగుచేసేవాడికి తడి అంటే పడదు. బకెట్లో పడ్డవి, వానలో నానినవి, టీ ఒలికినవి విప్పీ విప్పీ మన మెకానిక్‌కి తేమ అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. ఇంటి ముందుగదే అతని షాపు. దాని వెనక గదిలో, కిటికీ పక్కన గాజుపెట్టెలో, అత్తగారి బల్లి ఉండేది.

గోడల మీద పాకే రకం కాదది. పసుపు ఒంటి మీద నల్లచుక్కలు, లావుపాటి తోక. పగలంతా నిద్ర, సాయంత్రం లేచి 'పురుగులేవి?' అన్నట్టు ఒక చూపు. ఆ దర్జా చూసే దానికి దొర అని పేరు పెట్టారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయిన మనిషి. ఒకప్పుడు ఊళ్ళో సగం నంబర్లు ఆవిడ నోటిమీదే ఉండేవి. ఇప్పుడు చూపు మందగించింది గానీ, జ్ఞాపకం చెక్కుచెదరలేదని ఆవిడ ధీమా. కూతురికి ఆ ధీమా లేదు. ఆ మధ్య తల్లి పెట్టిన పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి, ఇల్లంతా గ్యాసు వాసన కొట్టిన దగ్గర్నుంచి, "అమ్మకి మతిమరుపు మొదలైందండీ, ఒంటరిగా వదలకూడదు," అని మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

దొర పెట్టెలో ఒక మూల తడి నాచు నింపిన చిన్న డబ్బా ఉంటుంది. కుబుసం విడిచే ముందు అది అందులో దూరి ఒళ్ళు నానబెట్టుకుంటుంది. అత్తగారు రోజూ పొద్దున్నే ఆ నాచు మీద నీళ్ళు చిలకరించేది. ఆ తడివాసన షాపులోకి వస్తోందని అల్లుడికి చిరాకు. ఆవిడతో ఒక్క మాట చెబితే సరిపోయేది, కానీ మొహమాటం. కొత్త సామాన్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గింజల పొట్లాలు షాపులో కుప్పలుగా పడి ఉంటాయి. గుప్పెడు తెచ్చి నాచు అడుగున సర్దేశాడు. అవి పనిచెయ్యడం మానగానే తీసేసి కొత్తవి పెడుతూ వచ్చాడు. వాసన పోయింది. పైగా తన తెలివికి తనే మురిసిపోయాడు, మహానుభావుడు!

ఈసారి దొర ఒళ్ళు తెల్లబడింది, కుబుసం ఊడింది, వేళ్ళ మీద మాత్రం ఊడలేదు. ఎండిన తొక్క ఒక్కో వేలికీ దారం చుట్టినట్టు బిగుసుకుపోయింది. వేళ్ళు ఉబ్బాయి. ఒక వేలి కొస నల్లబడింది కూడా. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, "తేమ తగల్లేదు. వెంటనే ఆ తొక్క తియ్యకపోతే రక్తం ఆడక వేళ్ళన్నీ రాలిపోతాయి," అన్నాడు. ఎలా తియ్యాలో కూడా చెప్పాడు.

అత్తగారు గబగబా డబ్బాలో చెయ్యి పెట్టింది. నాచు ఎండుగడ్డిలా చేతికి గుచ్చుకుంది. పొట్లాలు ఆవిడకి తగల్లేదు. డాక్టరు మాట వినగానే, అప్పటికే అల్లుడు వాటిని తీసి జేబులో కుక్కేసుకున్నాడు.

"పొద్దున తడిపానే," అంది ఆవిడ. "తడిపాననే అనుకుంటున్నా."

"మర్చిపోయుంటావులే అమ్మా," అంది కూతురు, కాస్తయినా విసుక్కోకుండా, పసిపిల్లని ఊరడించినట్టు.

"ఒక్కరోజుకి ఇంతలా ఎండదే. అయితే రోజూ మర్చిపోతున్నానన్నమాట."

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇప్పుడే చెప్పేస్తే సరి అనుకుని నోరు తెరిచాడు. "నీళ్ళు వెచ్చబెట్టనా అత్తయ్యా?" అన్న మాటే బయటికొచ్చింది.

గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ పరిచిన డబ్బాలో దొరని కాసేపు ఉంచారు. తరవాత ఆవిడ దాన్ని అరచేతిలో పట్టుకుంది. అతను షాపులోంచి భూతద్దం దీపం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి పట్టకారు మీదికి పోయింది.

"లాగకండి బాబూ, వేలు కూడా ఊడొస్తుంది," అందావిడ. "దూదిపుల్లతో మెల్లగా దొర్లించండి."

దొర్లించాడు. ఒక వేలి తొక్క ఉంగరంలా జారింది. రెండోదీ వచ్చింది. నల్లబడ్డ వేలి దగ్గర మాత్రం తొక్కతో పాటు కొస కూడా రాలి గుడ్డ మీద పడింది. దొర అరవలేదు, కరవలేదు, కళ్ళు మూసుకుంది.

"ఏమైంది?" అంది సరిగా కనబడని ఆవిడ.

"ఒక వేలు... కొస పోయింది అత్తయ్యా."

ఆవిడ బొటనవేలితో దొర వీపు నిమిరింది. తరవాత నెమ్మదిగా అంది. "డాక్టరుగారి దగ్గరుండే నర్సమ్మ దీన్ని పెంచుకుంటానని అడిగింది కదూ. ఇచ్చేద్దాం బాబూ. రేపు వచ్చి తీసుకెళ్ళమనండి. నోరులేని జీవాన్ని నా మతిమరుపుకి బలిచెయ్యలేను. అమ్మాయి చెబుతుంటే నాకు రోషం వచ్చేది గానీ, అదన్నదే నిజం. స్టవ్వు జోలికి కూడా ఇంక పోను." ఒక్క క్షణం ఆగి, "పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానా నేను?" అని అడిగింది.

వేసుకుంది. గ్లాసుతో నీళ్ళు అందించింది అతనే. అతనికి తల కొట్టేసినట్టయింది. బల్లి కాలివేలొక్కటే పోయిందనుకున్నాడు. ఈ మనిషి తన బుర్రనే తను నమ్మడం మానేస్తోంది, అదీ అతని కళ్ళెదురుగా, అతను గుడ్లప్పగించి చూస్తుండగా. తన మీద తనకే అసహ్యం వేసింది.

దూదిపుల్ల పక్కన పెట్టి, జేబులోంచి పొట్లాలు తీసి బల్ల మీద పోశాడు.

"నాచు ఎండబెట్టింది నేను అత్తయ్యా. వాసనొస్తోందని మీకు చెప్పకుండా ఇవి అడుగున పెట్టాను. ఇందాక మీరు చూడకుండా దాచేశాను."

ఆవిడ ఒక పొట్లం తీసుకుని వేళ్ళతో నలిపి చూసింది. అతను తిట్లకి సిద్ధమయ్యాడు. నిజానికి తిడితే బాగుండునని ఎదురుచూశాడు.

"అయితే నేను తడిపానా?" అందావిడ.

"తడిపారు."

"రోజూనా?"

"రోజూ తడిపారు. నేను చూస్తూనే ఉన్నాను."

"మాత్ర?"

"వేసుకున్నారు అత్తయ్యా."

ఆవిడ మొహం విప్పారింది. "అమ్మాయ్!" అని వంటింటివైపు కేకేసింది. "ఇలా రావే! నేను మర్చిపోలేదటే! రోజూ తడిపానట! అల్లుడుగారే చెబుతున్నారు!"

కూతురు గుమ్మంలోకి వచ్చింది. తల్లిని చూసింది, బల్ల మీద పొట్లాలు చూసింది, ఆపైన మొగుణ్ణి చూసింది. అతను తల దించుకున్నాడు.

అత్తగారు కళ్ళు తుడుచుకుని, ఖాళీగా ఉన్న చేత్తో తడుముకుంటూ అతని చెయ్యి దొరకబుచ్చుకుంది. "చెప్పి ఎంత మేలు చేశారు బాబూ," అంది. "మీ రుణం తీర్చుకోలేను."