ఒడెస్సా ఇంటి దుంగలు

వాన కురుస్తుండగానే దొర మనుషులు పాలికాపు ఒడెస్సా ఇంటి ఇనప పొయ్యిని ఎత్తి బయటికి విసిరారు. లోపలి నిప్పులు బురదలో పడి బుస్సుమన్నాయి. దాని వెనకే పరుపు, గిన్నెలు, పెళ్లినాటి దుప్పటి వచ్చి పడ్డాయి.

"ఈ జిల్లాలో ఇంత పాత దుంగల ఇల్లు ఇంకోటి లేదు," అన్నాడు విట్లో దొర, గుర్రం మీంచే. "ఆర్కాన్సా రాష్ట్రానికి నూరేళ్లు నిండాయి. ఉత్సవానికి దీన్ని విప్పి కోర్టు ముందు నిలబెడతాం. మా తాత చేత్తో కట్టిన ఇల్లు!"

ఒడెస్సా మొగుడు లెమ్యూల్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నెమ్మదస్తుడు. ఆ పత్తి చేలల్లో నల్లవాడు తలెత్తితే ఏమవుతుందో తెలియనివాడు కాదు.

"మీ తాత గుర్రం దిగలేదు దొరా. ఈ దుంగలు చెక్కింది మా తాత. మీ తాతకి బానిసగా, కొరడా దెబ్బలు తింటూ చెక్కాడు."

షెరీఫ్ బంటు తుపాకీ మడమతో అతని మూతి మీద కొట్టాడు. పళ్లు రాలాయి. లెమ్యూల్ నెత్తురు ఉమ్మి, మళ్లీ గడప మీదే నిలబడ్డాడు. బంటు తుపాకీ తిప్పి పేల్చాడు.

మొగుడి తల ఒళ్లో పెట్టుకుని ఒడెస్సా బురదలో కూర్చుండిపోయింది. ఆమె పక్కనుంచే దుంగలు మోసుకుపోయారు.

లెమ్యూల్‌ని పూడ్చిపెట్టాక, పాలికి పత్తి పండించే నల్లవాళ్లంతా చర్చిలో చేరారు. ఇంతలో తలుపు తోసుకుని క్లెల్ వచ్చాడు. తెల్లవాడు, వాడూ పాలికాపే. వెనక నలుగురైదుగురు వాడిలాంటి చిరుగుచొక్కాలవాళ్లు.

ముసలి అమోస్ లేచాడు. "చచ్చాడో లేదో చూసి పోదామని వచ్చావా? మా కొంపలు తగలెట్టిన ముసుగోళ్లలో నీ తమ్ముడు లేడూ?"

"ఉన్నాడు. వాడికీ నాకూ మాటల్లేవు తాతా. మీతో కలిసి సంఘం పెడదామన్నానని దొర నన్నూ వెళ్లగొట్టాడు. నా పిల్లలు రోడ్డు పక్క గోనెపట్టాల కింద పడుకుంటున్నారు."

"తెల్లతోలు కదా, మళ్లీ పిలుస్తాడులే."

"తోలు కొరుక్కు తింటామా తాతా?"

ఎవరూ నవ్వలేదు. ఒడెస్సా లేచి నిలబడింది.

"కొట్టుకోవడం తర్వాత కొట్టుకుందాం. ఇది కలుపు అదను. మనం పారలు దించి పని మానితే దొర వీళ్లని చేలోకి దింపుతాడు. వీళ్లు మానితే మనల్ని. ఇద్దరం మానితే ఎవర్ని తెస్తాడు? ముందు మన ఇంటికి పోదాం పదండి. కోర్టు ముందే నిలబెట్టారుగా!"

ఉత్సవం రోజు కోర్టు ముందు బాజాలు మోగుతున్నాయి. దొర కోడలు పాతకాలపు గౌను తొడుక్కుని, ఒడెస్సా ఇంట్లో రాట్నం ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చిరునవ్వులు పంచుతోంది. పారలు భుజాన వేసుకుని నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వీధి నిండా రావడం చూసి బాజా ఆగిపోయింది.

ఒడెస్సా తిన్నగా లోపలికి నడిచింది.

"లే తల్లీ. నా మొగుడి నెత్తురు పడ్డ గడప ఇది. నీ గౌను పాడవుద్ది."

షెరీఫ్ మనుషుల లాఠీలు విరుచుకుపడ్డాయి. అమోస్ తల పగిలింది. అతని మీద బోర్లా పడి కాచుకున్న క్లెల్ చెయ్యి చెరుకుగడలా విరిగింది. కానీ ఈసారి దెబ్బలు ఒకవైపే పడలేదు. లెమ్యూల్‌ని చంపిన బంటు పార దెబ్బకి మోకాలు పట్టుకుని గడప ముందే కూలాడు. ఒడెస్సాని జుట్టు పట్టి, క్లెల్‌ని విరిగిన చేత్తోనే జైలుదాకా ఈడ్చుకెళ్లారు.

మర్నాడు పొద్దున్నే చేలోకి పిలిచే గంట మోగింది. ఒక్కడూ కదల్లేదు. ఆ మర్నాడూ అంతే. దొర మనుషులు గుర్రాల మీద వచ్చి గుడిసెలు కాల్చారు. జనం గోనెపట్టాల కిందికి చేరారు గానీ పార పట్టలేదు. గడ్డి పత్తిని మించి ఎదిగింది.

చివరికి దొరే జైలుకొచ్చాడు. గుర్రం దిగే వచ్చాడు.

"ఏమే, చేలోకి దిగమని వాళ్లకి చెప్పు. నీ ఇల్లు మళ్లీ అక్కడే కట్టిస్తా."

వాచిన పెదవులతో ఒడెస్సా నవ్వింది. "ఇల్లు కట్టడం మాకు తెలిసిందే దొరా. నీకు కలుపు తియ్యడం తెలుసా?"

పక్క కొట్లోంచి క్లెల్ పగలబడి నవ్వాడు. దొర నోరు తెరిచేలోగా వీధిలోంచి పాట వినబడింది. పక్క దొరల పాలికాపులు కూడా పారలు భుజాన వేసుకుని జైలు వైపు వస్తున్నారు.